పానా పట్టిన ఆదివారం

*రెండు వేల రూపాయల పనిముట్లు, నెలకో గంట తీరిక. ఇంటిల్లిపాదినీ మోసే బండికి ఆ మాత్రం సేవ మన చేత్తో చెయ్యలేమా?*

ఎర్రగడ్డలో ఆదివారం సంత అప్పుడప్పుడే పరుచుకుంటోంది. మెట్రో పిల్లరు పక్కన నీలం పట్టా వేసి, ఒక పెద్దాయన గోనెసంచి బోర్లించాడు. ఇనుము గలగలమంటూ రాలింది. పానాలు, కటింగ్ ప్లేయర్లు, పిడి ఊడిన స్క్రూడ్రైవర్లు, ఏ షెడ్డు మూతపడితే వచ్చాయో తెలియని సుత్తులు. నూనే తుప్పూ కలిసిన వాసన. ఫుడ్ డెలివరీ టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు హెల్మెట్ మోచేతికి తగిలించుకుని ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్లుంటాయి.

"పందొమ్మిది రింగు ఉందా చాచా?"

"దేవులాడుకో బేటా, అన్నీ ఉంటయ్."

దొరికింది. బొటనవేలితో తుప్పు రుద్ది అంకె చూసుకున్నాడు. ఎనభై అన్నాడు పెద్దాయన. యాభై అన్నాడు కుర్రాడు. డబ్బులిచ్చే ముందు మాత్రం రోడ్డు పక్కన పెట్టిన తన బండి దాకా వెళ్లి, వెనక చక్రం ఇరుసు నట్టుకి తొడిగి చూసుకున్నాడు. కదలకుండా పట్టుకుంది. అరవైకి బేరం తెగింది.

ఎందుకని అడిగితే చెప్పాడు. "బుధవారం రాత్రి వానల చెయినూడిందన్నా. బాగ లూజైంది, నేనే సూస్కోలే. ఆర్డరేమో బ్యాగులనే ఉంది. షాపులన్ని బంద్. రెండు కిలోమీటర్లు నూక్కుంటపోయిన. పొద్దుగాల మెకానిక్ పది నిమిషాల్ల చేసిచ్చిండు. గీ రెండు పానాలు డిక్కీల ఉంటే నేనే చేస్కుందు."

పెద్ద పానా ఇరుసు నట్టుకి. చిన్నది చెయిన్ బిగించే అడ్జస్టరుకి. అంతే సరంజామా. అది లేక అతనికి ఒక రాత్రి సంపాదన పోయింది.

ధర తగ్గింది, పోషణ తగ్గలేదు

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఆ దసరాకి షోరూముల ముందు నిమ్మకాయలు తొక్కించుకున్న బళ్ల వరసలు అందరం చూశాం. విడిభాగాల మీద పన్ను కూడా 18కే వచ్చింది. కానీ బండి కొనడం ఒక్కరోజు ఖర్చు. దాన్ని నడపడం పదేళ్ల ఖర్చు. ఉచిత సర్వీసు కూపన్లు అయిపోయిన తర్వాత సర్వీసుకి వెళ్లిన ప్రతిసారీ ఆయిలు, ఫిల్టరు, కూలీ, వాటిమీద పన్ను, అడగకుండానే వేసిన పాలిష్ కలిపి బిల్లు చేతిలో పడేసరికి నెలాఖరు లెక్క తారుమారవుతుంది.

అదే సంవత్సరం పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మీద దేశమంతా చర్చ నడిచింది. టీకొట్టు దగ్గర ఏ ఇద్దరు కలిసినా మైలేజీ మాటే. మైలేజీ కొద్దిగా తగ్గే మాట నిజమేనని, కొన్ని పాత బళ్లలో రబ్బరు భాగాలు ముందుగా మార్చుకోవాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. అయితే లీటరుకి పది కిలోమీటర్లు పడిపోయిందని పెట్రోలును తిట్టుకునేవాళ్లకి నేనో మాట చెబుతాను. ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత బండిని డబుల్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. బ్రేకు షూ రాసుకుంటూ చక్రం రెండు చుట్లకే ఆగిపోతోందా? చెయిన్ ఎండిపోయి కిరకిరమంటోందా? అయితే మీ మైలేజీలో సగం దొంగ అక్కడే దొరికాడు. మిగతా సగం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మరిచిపొమ్మన్నారు, మరిచిపోయాం

మా నాన్న బజాజ్ చేతక్ నడిపేవారు. పొద్దున్నే స్టార్టు కాకపోతే బండిని ఒక పక్కకి వంచి నిలబెట్టడం, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం, ఊది మళ్లీ బిగించడం మా ఇంట్లో కాఫీ అంత మామూలు. డిక్కీలో ఒక స్పేరు ప్లగ్గు, చుట్ట చుట్టిన క్లచ్ వైరు, నూనె మరకల పాతబట్ట ఎప్పుడూ ఉండేవి. ఆయన లెక్కల మాస్టారు. మెకానిక్కు కాదు. కానీ బండి ఉన్నవాడికి ఆ మాత్రం తెలిసి ఉండటం అప్పట్లో సైకిలుకి గాలి కొట్టుకోవడం లాంటిదే. రాజ్‌దూత్ ఉన్నా బుల్లెట్ ఉన్నా అంతే.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోయించు, మూత పెట్టు, మరిచిపో అనే అర్థంలో దాని ప్రకటన ఇంగ్లీషులో ఊరూరా మోగింది. అబద్ధమేమీ కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజను, పెట్రోల్లో ఆయిలు కలిపే పని లేదు, కిక్కుకి స్టార్టు. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ నమ్మకాన్ని ఇంటింటికీ చేర్చింది. నడిబజారులో పాల క్యాన్ల నుంచి పెళ్లి కూతురి దాకా అన్నిటినీ మోసింది. నమ్మకమైన బండి దొరికిన సంబరంలో మనం నిజంగానే మరిచిపోయాం. సీటు కింద రబ్బరు బ్యాండుతో కట్టిన చిన్న సంచి ఒకటి ఉంటుందనీ, అందులో ప్లగ్గు పానా, రెండు వైపులా వాడే స్క్రూడ్రైవరు ఉంటాయనీ ఎంతమందికి గుర్తు?

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు రావడంతో కార్బొరేటర్లు పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంక అంతా కంప్యూటరే, మన చేతిలో ఏమీ లేదనుకున్నారు జనం. ఇంజను వరకు అది నిజం. ఐడ్లింగ్ స్క్రూ తిప్పి మైలేజీ పెంచే రోజులు పోయాయి. కానీ చెయిన్ మారలేదు. టైర్లు, బ్రేకులు, క్లచ్ వైరు, ఎయిర్ ఫిల్టరు మారలేదు. రోడ్డు మీద మనల్ని నిలబెట్టేవీ పడగొట్టేవీ ఎక్కువగా ఇవే.

పల్లెల్లో ఈ మరుపు అంత లేదు. పంపుసెట్టు ఉన్న ఇంట్లో పానాలు ఉంటాయి. మోటారు బిగించిన చెయ్యే సాయంత్రం టీవీఎస్ ఎక్సెల్ చెయినూ బిగిస్తుంది. పట్నం అపార్టుమెంటుకి వచ్చాకే మన ఇళ్లలో పనిముట్ల పెట్టె మాయమై, ఆ చోట డ్రిల్లింగ్ మిషన్ వాడి ఫోన్ నంబరు చేరింది.

మొదట కొనాల్సింది పానా కాదు

రెండు మూడొందలు పెట్టి గాలి కొలిచే గేజి కొనండి. పెన్ను ఆకారంలో వచ్చేదైనా సరే, గుండ్రటి ముల్లు ఉన్నదైనా సరే. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా కొట్టాలి, అది వాళ్ల బాధ్యత. కానీ అక్కడి మీటరు రోజుకి ఎన్ని వందల చేతుల్లో నలుగుతుందో మీకూ తెలుసు. పైగా గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. బంకు దాకా వెళ్లేసరికే టైరు వేడెక్కి అంకె పెరుగుతుంది. ఎంత ఉండాలన్నది చెయిన్ కవరు మీదో, దాని పక్కనో అంటించిన స్టిక్కరు చెబుతుంది. చాలా 100 సీసీ బళ్లకి ముందు టైరులో పాతిక పీఎస్ఐ దగ్గర, వెనక దాంట్లో మీరొక్కరే అయితే ముప్పైకి అటూ ఇటూ. వెనక ఇంకొకరు కూర్చుంటే అది చాలా పెరగాలి. భార్యనీ బిడ్డనీ ఎక్కించుకుని ఒంటరి మనిషి గాలితోనే ఏళ్ల తరబడి తిరిగేవాళ్లే మనలో ఎక్కువ. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఆ అంకె చూశాక రెండొందల గేజి నాకు ఖరీదుగా అనిపించలేదు.

ఇక పానాల సంగతి. నట్టుకి ఆరు మూలలుంటాయి. నోరు తెరిచి ఉండే పానా వాటిలో రెండు వైపులే పట్టుకుంటుంది. బిగుసుకుపోయిన నట్టు మీద బలం పెడితే జారుతుంది, మూలలు అరిగి నట్టు గుండు అవుతుంది, వేళ్లు వెళ్లి సైలెన్సరుకి కొట్టుకుంటాయి. రింగు పానా నట్టు చుట్టూ కూర్చుంటుంది. అందుకని డబ్బు తక్కువ ఉంటే రింగులే కొనండి. తిప్పితే నోరు పెరిగే స్క్రూ పానా ఒక్కటి ఉంటే చాలనుకుంటారు కొందరు. కుళాయికి చాలు. బండికి మాత్రం వద్దు.

దుకాణంలో ఎనిమిది పానాల సెట్టు చూపిస్తారు. ఆరు, ఏడు నుంచి ఇరవై, ఇరవై రెండు దాకా. దాంట్లో సగం మీకు పనికి రావు. జపాను డిజైను మీద పుట్టిన మన మామూలు బళ్లలో ఎక్కువగా తగిలేవి 8, 10, 12, 14, 17, 19 సైజులు. విడివిడిగా అడిగితే ఇస్తారు. ఇరుసు నట్టు మాత్రం బండికో రకం. ఎర్రగడ్డ కుర్రాడు చేసినట్టు తొడిగి చూసి కొనడమే తెలివి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, కోఠి దగ్గర పుత్లీబౌలిలో, విజయవాడ ఆటోనగర్లో బండి వేసుకుని వెళ్లి ఎదురుగా తొడిగి చూసుకునే వీలుంది. మన చేతిలోకి వచ్చే దేశవాళీ పానాలు చాలావరకు జలంధర్, లూథియానా, నాసిక్ కార్ఖానాల్లో పుట్టినవే. రాజస్థాన్‌లోని నాగౌర్ కూడా చేతి పనిముట్లకి పేరున్న ఊరు. పానా మీద క్రోమ్ వెనేడియం అన్న ముద్ర ఉందో లేదో చూడండి. చేతిలో బరువు తెలియాలి.

ప్లాస్టిక్ పెట్టెలో నలభై ఆరు ముక్కలతో ఐదారు వందలకి దొరికే సాకెట్ సెట్టు సంగతేమిటని అందరూ అడుగుతారు. నా దగ్గరా ఉంది. సైడు కవర్లు, బ్యాటరీ టెర్మినళ్లు వంటి పది లోపు సైజు పనులకి బంగారం. ఇరుసు నట్టు మీద దాన్ని పెట్టి తొక్కితే లోపలి పళ్లు విరుగుతాయి, మోకాలు పగులుతుంది. దాని పనికి దాన్ని వాడితే పదేళ్లు ఉంటుంది.

ఇంకొక్క చిన్న విషయం, కానీ చాలా బళ్లు దీనివల్లే పాడవుతున్నాయి. జపాను బళ్ల స్టారు స్క్రూలు చూడ్డానికి మామూలు స్టారులాగే ఉంటాయి గానీ వాటి గాడి వేరు. మామూలు స్టారు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే పైకి ఎగదన్ని గాడిని తినేస్తుంది. బ్రేకు ఆయిలు డబ్బా మూత మీది రెండు స్క్రూలు గమనించండి. పది బళ్లలో ఎన్నిటికి అవి అరిగిపోకుండా ఉన్నాయో లెక్కపెట్టండి. గాడిలో సరిగ్గా నిండేలా కూర్చునే ముక్కు ఉన్నదాన్ని ఎంచుకుని, తిప్పే బలం కన్నా లోపలికి నొక్కే బలం ఎక్కువ పెట్టాలి.

---

రెండు వేల పెట్టె

*(ధరలు రమారమి, ఊరినిబట్టి, దుకాణాన్నిబట్టి మారతాయి)*

గాలి గేజి: 200–300
రింగు పానాలు నాలుగైదు: 500–600
పది సైజు టీ పానా: 100
స్టారు, చదును స్క్రూడ్రైవర్లు: 150
ఎలెన్ కీ సెట్టు: 200
చెయిన్ బ్రష్షు: 100
90 నంబరు గేరాయిలు అర లీటరు: 150–200
గరాటు, చేతి తొడుగులు, పాత బనియన్లు: 50

ప్లగ్గు పానా మీ సీటు కిందే ఉండాలి. లేకపోతే దుకాణంలో వంద లోపే దొరుకుతుంది. చాలా చిన్న బళ్ల ప్లగ్గుకి 16 సైజు సరిపోతుంది. డబ్బు మిగిలితే తర్వాత కొనాల్సింది మల్టీమీటరు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంజను నడుస్తుంటే పద్నాలుగుకి అటూ ఇటూ రావాలి. రాకపోతే చార్జింగ్ కావడం లేదన్నమాట. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే పదిహేను వందలు మిగలొచ్చు.

---

చెయిన్ దగ్గర గంటసేపు

నన్నడిగితే ఇంటి పనుల్లో రాజు చెయిన్. ఆరేడు వందల కిలోమీటర్లకోసారి, వానాకాలంలో ఇంకా తొందరగా, దానికి మన చెయ్యి తగలాలి.

బండి డబుల్ స్టాండు మీద ఉండాలి. గేరు న్యూట్రల్లో ఉండాలి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. ఈ మూడో మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఇంజను ఆన్ చేసి, మొదటి గేరులో చక్రం దానంతటదే తిరుగుతుంటే గుడ్డతో చెయిన్ తుడవడం మన వీధుల్లో రోజూ కనిపించే దృశ్యం. వీడియోల్లోనూ కనిపిస్తుంది. గుడ్డ చెయిన్‌కి చిక్కుకుంటే స్ప్రాకెట్ దాకా లాగడానికి కన్నుమూసి తెరిచినంత సేపు పట్టదు. గుడ్డతోపాటు వేళ్లు కూడా వెళతాయి. వేలి కొన లేని మేస్త్రిని నేను ఒకరికంటే ఎక్కువమందినే చూశాను. ఎలా పోయిందని అడిగితే జవాబు ఒకటే. "అప్పుడు చిన్నోణ్ని సార్, ఇంజను ఆన్‌లోనే తుడిచా." చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూనే చెయ్యండి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో మట్టి వదిలించాలి. పెట్రోలు వద్దు. అంటుకునే ప్రమాదం ఒకటి, పెద్ద బళ్ల చెయిన్లలో లింకుల మధ్య ఉండే రబ్బరు రింగులని అది చెడగొట్టడం ఇంకొకటి. పొడి బట్టతో తుడిచి, 90 నంబరు గేరాయిలు చుక్కలు చుక్కలుగా లింకుల మధ్యకి వెయ్యాలి. పావుగంట ఆగి పైపైన మిగిలింది తుడిచెయ్యాలి. తుడవకపోతే దుమ్ము పట్టి ఇసుక కాగితంలా చెయిన్‌నే అరగదీస్తుంది. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలు పోసేవాళ్లున్నారు, డబ్బు ఆదా అని. ఆ నలుపులో ఉన్నది ఇంజను లోపల అరిగిన లోహపు పొడి, మసి. దాన్ని తెచ్చి మళ్లీ చెయిన్‌కి పూయడం ఆదా ఎలా అవుతుంది?

బిగువు చూడ్డానికి, రెండు స్ప్రాకెట్ల మధ్య కింది వరస నడుమ వేలుపెట్టి పైకీ కిందకీ ఊపాలి. మామూలు బళ్లకి రెండు నుంచి మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి పుస్తకంలో సరైన అంకె ఉంటుంది. చక్రం కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు ఉంటే చెయిన్‌కి నూరేళ్లు నిండినట్టే. అప్పుడు స్ప్రాకెట్లతో కలిపి సెట్టు మార్చాల్సిందే. బిగించేటప్పుడు రెండు వైపులా అడ్జస్టర్ల మీది గీతలు సమానంగా రావాలి. ఒక పక్క గీత ముందుంటే చక్రం వంకరగా నడుస్తుంది. మరీ బిగించకూడదు. వెనక ఇద్దరు కూర్చుని గుంతలో పడితే చెయిన్ ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా ఇంజను బేరింగు భరించాలి.

అదే స్టాండు మీద ఉండగానే వెనక బ్రేకు కూడా చూసెయ్యండి. డ్రమ్ము బ్రేకు అయితే చక్రం పక్కన బ్రేకు లివరు మొదట్లో ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం పక్కన ఉన్న గీత దాకా వచ్చేసిందంటే లోపల షూ అయిపోయినట్టు. దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఈ గుర్తు అక్కడ ఉందని బండి అమ్మేటప్పుడు ఎవరూ ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

---

చీర, చున్నీ

వెనక కూర్చునేవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రానికి తక్కువ కాని అడ్డు ఉండాలనీ, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే ఏర్పాటు ఉండాలనీ కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నియమం చెబుతోంది. అందం కోసమని సారీ గార్డు పీకేయించకండి. దాని బోల్టులు చాలా బళ్లలో 10 లేదా 12 సైజు. నెలకోసారి పానా తగిలించి బిగువు చూడటానికి ఒక్క నిమిషం చాలు.

---

పాతిక న్యూటన్ మీటర్లు

నాకు పానా పట్టడం నేర్పింది ఒక పొరపాటు, అది నాది కూడా కాదు. కొన్నేళ్ల కిందట సర్వీసు చేయించి తెచ్చిన మూడోనాడు పార్కింగులో బండి కింద అరచేయంత నల్ల మరక కనిపించింది. ఇంజను కింద ఆయిలు తీసే బోల్టు దగ్గర కారుతోంది. తీసుకెళ్లి చూపిస్తే, బోల్టును విపరీతంగా బిగించడం వల్ల అల్యూమినియం కేసులోని మరలే చెడిపోయాయని తేలింది. ఐదు రూపాయల వాషరుతో పోవాల్సిన పని, కేసు విప్పి కొత్త మరలు కోయించేదాకా వెళ్లింది. బిగించిన కుర్రాణ్ని తప్పు పట్టలేను. పదిహేడేళ్లుంటాయి. కారకూడదని బలమంతా పెట్టి బిగించాడు. ఎంత బిగించాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ బోల్టుకి కావాల్సింది పాతిక న్యూటన్ మీటర్లకి అటూ ఇటూ. మన భాషలో చెప్పాలంటే, పాతిక సెంటీమీటర్ల పొడుగు పానా చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. అంతే! దాన్ని పట్టి మనిషి మొత్తం వేలాడక్కర్లేదు. లెక్క ప్రకారం బిగించే టార్కు రెంచి రెండు మూడు వేలు పెడితే వస్తుంది. తొలి పెట్టెలో అది అవసరం లేదు. పొట్టి పానా పట్టుకుని, ఒక చేత్తో, మణికట్టు బలంతో బిగించడం అలవాటు చేసుకోండి. వాషరు కొత్తది వెయ్యండి. చేత్తో నాలుగు చుట్లు తిప్పి మర సాఫీగా ఎక్కుతోందని తెలిశాకే పానా అందుకోండి.

ఆయిలు కొనేటప్పుడు డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చదవండి. మన బళ్లలో క్లచ్ పళ్లేలు ఇంజను ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కార్లకి తయారుచేసే ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు ఉండొచ్చు. అవి పడితే క్లచ్ జారుతుంది. ఆ జపాను ముద్ర ఉన్నది ఈ తేడా చెప్పడానికే. గ్రేడు ఎంత, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది మీ బండి పుస్తకం చెప్పిన మాటే వేదం. వారంటీ ఉన్నన్నాళ్లూ ఈ పని కంపెనీ సర్వీసుకే వదిలెయ్యండి, బిల్లులు దాచుకోండి. చెయిన్, గాలి, వైర్లు చూసుకోవడానికి వారంటీ అడ్డు రాదు.

---

నల్ల ఆయిలు ఎక్కడ పొయ్యాలి?

మురిక్కాలవలో కాదు, చెట్టు మొదట్లో కాదు. వాడిన ఆయిలు మన చట్టాల లెక్కలో ప్రమాదకర వ్యర్థం. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద కూడా పెడుతూ తెచ్చిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇంట్లో అయితే ఖాళీ ఆయిలు డబ్బాలోనే మళ్లీ పోసి, మూత పెట్టి, మీ మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. అక్కడ పీపాల్లో పోగుచేసి పట్టుకెళ్లేవాళ్లుంటారు. పాత అయిదు లీటర్ల క్యానును ఒక పక్క కోస్తే ఆయిలు పట్టే పళ్లెం తయారు. కొననక్కర్లేదు.

---

అమ్మాయి స్కూటరు

మా అమ్మాయి స్కూటరు కొన్నప్పుడు నేననుకున్నాను, దీనికి చెయిన్ లేదు, చూసుకోవడానికేముందని. ఉంది. గాలి, బ్రేకు వైర్లు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గుతోపాటు వెనక చక్రం పక్కన గేరు పెట్టెలో వంద మిల్లీలీటర్ల పైచిలుకు వేరే ఆయిలు ఉంటుంది. ఇంజను ఆయిలు మార్చే హడావిడిలో చాలామంది దాన్ని మరిచిపోతారు. ఎయిర్ ఫిల్టరు స్పాంజిదైతే సబ్బునీళ్లతో కడగొచ్చు. నూనె పట్టించిన కాగితం రకమైతే కడగకూడదు, ఊదకూడదు, మార్చడమే.

మొదటి రోజు పానా పట్టుకోవడానికి అమ్మాయి కాస్త బిడియపడింది. పై అంతస్తు ఆంటీ చూస్తూ నిలబడ్డారు. రెండో నెలకి ఆ ఆంటీయే, "ఏమ్మా, మా యాక్టివా బ్రేకు కూడా కాస్త చూస్తావా?" అన్నారు. ఇప్పుడు మా పార్కింగులో గాలి గేజి ఒక్కటే, వాడేది అయిదు ఇళ్లవాళ్లు.

మేస్త్రి పొట్ట కొట్టినట్టు కాదా?

ఈ అనుమానం నాకూ ఉండేది. మా వీధి చివర షెడ్డులో ముప్పై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న మేస్త్రిని అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "గాలి, చెయిన్ చూసుకున్నోడి బండి నా దగ్గరికొస్తే, అసలు జబ్బేంటో తొందరగా దొరుకుద్ది సార్. చూసుకోనోడి బండిలో ఏది అసలు జబ్బో, ఏది మురికో తేల్చడానికే సగం రోజు పోద్ది. చెయిన్‌కి నేను యాభై తీసుకుంటే మీకు బరువు, నాకు గిట్టదు. ఇంజను పని మీరెలాగూ చెయ్యలేరు కదా."

చెయ్యకూడదు కూడా. ఇంజను తెరవడం, ఫోర్కు ఆయిలు, ఏబీఎస్ ఉన్న బ్రేకు గొట్టాలు, ఇంజెక్షన్ వైరింగు వీటి జోలికి వెళ్లొద్దు. మీటరు మీద ఇంజను బొమ్మ పసుపురంగులో వెలిగి ఆరకపోతే నేరుగా షెడ్డుకే. డిస్కు బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. కానీ ఆ పని చేతి అలవాటు ఉన్నవాళ్లే చెయ్యాలి. ఎందుకంటే బ్రేకులో పొరపాటు దిద్దుకునే అవకాశం రోడ్డు ఇవ్వదు. మన పని ఆ ఆయిలు మట్టం తగ్గిందని కనిపెట్టడం, ప్యాడు పలచబడిందని చూడటం, వెంటనే తీసుకెళ్లడం.

క్లచ్ వైరు మాత్రం మనదే. లివరు చివర ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఆట ఉండాలి. గట్టిగా ఉంటే వైరు పై కొస విప్పి, పాలిథిన్ కవరు మూల చిల్లుపెట్టి గరాటులా దానికి రబ్బరుబ్యాండుతో కట్టి, నాలుగు చుక్కల ఆయిలు పోసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దునకి లివరు వెన్నలా కదులుతుంది. ఈ కిటుకు నాకు చెప్పింది ఆ మేస్త్రే. డబ్బులు తీసుకోలేదు.

రేపు సోమవారం. పిల్లల్ని స్కూలు దగ్గర దింపాలి, ఆఫీసుకి పోవాలి. బండి తాళం తిప్పే ముందు, టైరు ఇంకా చల్లగా ఉండగానే, దాన్ని బొటనవేలితో కాదు, గేజితో చూడండి. గేజి ఇంకా కొనలేదా? అయితే ఈ సాయంత్రమే సీటు ఎత్తి, ఆ చిన్న పనిముట్ల సంచి ఉందో లేదో వెతకండి. ఉంటే దాని ముడి విప్పి, ఒక్కో పానా ఏ నట్టుకి సరిపోతుందో తొడిగి చూడండి.